చెప్పడం రాని గుడ్లు

గోగుపాడు లంకలో ఆ ఏడాది రోజూ ఎర్రగుడ్డు కోసం వెతికి, అది కనబడకూడదని రోజూ దణ్ణం పెట్టుకున్న మనిషి ఒక్కర్తే. ఆవిడ పేరు నాంచారమ్మ. ఆరొందల నలభై బాతుల మంద ఆవిడది. మొగుడు పైడియ్యది కూడా అని ఊళ్ళో అనేవారు గానీ, బాతులు మాత్రం ఆ మాట ఒప్పుకునేవి కావు. ఆయన పిలిస్తే తోకైనా ఊపేవి కావు.

ఆ ఎర్రగుడ్డు వెతుకులాట ఆవిడకి అంటగట్టింది డాక్టర్ ఎస్తేరు రాణి. లంక చివర రేకుల షెడ్డులో పరిశోధనశాల పెట్టుకున్న మనిషి. కార్తీకంలో పద్నాలుగు బాతుల్ని పడవలో తెచ్చి నాంచారమ్మ మందలో కలిపింది. చూపుకి మామూలు బాతులే. కాలికి స్టీలు కడియం ఒక్కటే తేడా.

"వీటికి తెగులు రాదు, నాంచారమ్మగారూ. తెగులు పురుగు ఒంట్లోకి పోతుంది, ఉంటుంది, చంపడం మాత్రం దానివల్ల కాదు. మనిషికి అంటగల పురుగు పడిందనుకోండి, మర్నాడు ఇది పెట్టే గుడ్డు ఇటుకరంగులో ఉంటుంది. మేం అలా తయారుచేశాం. ఎర్రగుడ్డు కనబడితే ముట్టుకోకండి. నాకు ఫోన్ చెయ్యండి."

"ఎర్రగుడ్డెట్టాక గొంతెత్తి అరుత్తదా కూడా అమ్మా?" అన్నాడు పైడియ్య, బీడీ పక్కకి తీసి. "అరిసేదైతే మాకొద్దు. ఆ సరుకు ఇంట్లో ఒకటుంది."

"అరవబట్టే ఈ మాత్రం ఇల్లు నిలబడింది. నీకు గుడ్డెట్టడమూ రాదు, అరవడమూ రాదు" అంది నాంచారమ్మ. డాక్టరమ్మ నవ్వాపుకోలేక కడియాలు లెక్కపెట్టుకుంది.

పైడియ్య వాళ్ళ తాత చెప్పేవాడు. కొల్లేరు ఒకప్పుడు ఎంతుండేదంటే, ఈ ఒడ్డున ఒకడు తుమ్మితే ఆ ఒడ్డువాడు విని చిరంజీవ అనేసరికి, తుమ్మినవాడికి జలుబు కూడా తగ్గిపోయేదట. తాత మాటల్లో సగం కొట్టేసినా, మిగిలిన సగానికి సరిపడా నీళ్ళు కూడా ఇప్పుడు లేవు. అంతా చేపల చెరువులే. గట్టు పక్కన గట్టు, గట్టుకో గేటు, గేటుకో కుక్క. ఆ చెరువుల్లో ఫారం కోళ్ళ పెంట లారీలకొద్దీ దిమ్మరిస్తారు, చేపల మేతకి. చలికాలంలో మంచుదేశాల పిట్టలు పాత గుర్తు పట్టుకుని వచ్చి దిగబోతే, చెరువుల మీద వలలు. చేసేది లేక అవీ, గూడబాతులూ, నత్తకొంగలూ, నాంచారమ్మ మందా అన్నీ గోగుపాడు వెనక మిగిలిన ఒక్క మడుగులోకి చేరేవి. ఆడవాళ్ళు అంట్లు తోమేదీ ఆ మడుగులోనే.

"పిలిచినవాళ్ళూ, పిలవనివాళ్ళూ, ఎంగిలాకులూ అన్నీ ఒకే పందిట్లో" అనేది ఎస్తేరు రాణి. "ఇలా ఇరుకున కుక్కితే పిట్ట పురుగూ కోడి పురుగూ వియ్యమందుతాయి. వాటికి పుట్టేది మనింటి గడప తొక్కడానికి ఎంతసేపు?"

నాంచారమ్మకి ఆ వియ్యాల సంగతి సగమే అర్థమైంది. గుడ్డు సంగతి మాత్రం బాగా వంటబట్టింది. ఆవిడకే కాదు, లంక మొత్తానికీ. ఎర్రది చెడ్డది, తెల్లది మంచిది. ఇంత సులువైన శాస్త్రం పుట్టి ఎరగమని అందరూ మెచ్చుకున్నారు. అంతకుముందు బాతులు తూలితేనో, ముక్కు కారితేనో ఓ కన్నేసి ఉంచేవాళ్ళు. ఇప్పుడు ఆ బెంగ కూడా మానేశారు. గుడ్డు తెల్లగా ఉంది కదా!

మాఘమాసంలో ఒక తెల్లవారుజామున, దొడ్లో గడ్డి కింద వేళ్ళకి తగిలిన గుడ్డు వెచ్చగా ఉంది. తీసి వెలుతుర్లో పెట్టింది. కాలిన ఇటుక రంగు. ముట్టుకోవద్దన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, చర్మం ఎర్రబడేదాకా తుడుచుకుంది.

ఫోన్ చేసింది. అందులో దాపరికం ఏమీ లేదు, పాపం. డాక్టరమ్మ మనుషులు రావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లోనే జరగకూడనిది జరిగింది.

కొల్లేటి లంకల్లో ఒక పాత పద్ధతుంది. తెగులొచ్చిన ఊళ్ళో విత్తనం ఉంచరు. మంద పోతుందని తెలియగానే పన్నెండు గుడ్లు ఏరి, పొరుగు లంకలో చుట్టాలింటికి పంపి, అక్కడ పొదుగుకొచ్చిన కోడి కింద వేయిస్తారు. బాతుకి పొదగడానికి ఓపికుండదు, కోడికి గుడ్డెవరిదో అడిగే బుద్ధుండదు. వెనకటికి కొక్కెర తెగులు మందల్ని ఊడ్చేసినప్పుడు నాంచారమ్మ అత్త అలా పంపిన పన్నెండు గుడ్ల నుంచే ఈ ఆరొందల నలభై బాతులూ లేచాయి.

అల్లుడు సోమరాజు, కూతురు మాణిక్యం మొగుడు, ఆ ఉదయం ఐసు పెట్టె దించడానికి మోపెడ్ మీద వచ్చి ఉన్నాడు. నాంచారమ్మ కడియం లేని బాతుల గుడ్లు, పాలలా తెల్లగా ఉన్నవి, పన్నెండు ఏరింది. ఒక్కొక్కటీ ఎండకి పట్టి చూసింది. ఊక పోసిన బకెట్లో పేర్చి అతని చేతికిచ్చింది.

"మాణిక్యంతో సెప్పు. కోడి బుట్టలో ఇనప మేకూ బొగ్గుముక్కా ఎయ్యమను, ఉరుముకి గుడ్లు సెడకుండా. బాతుగుడ్డు కోడి కింద ఎండిపోద్ది, రోజూ నోట్లో నీళ్ళోసుకుని దాని మీద సిలకరించమను."

సోమరాజు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తెల్లబట్టల వాళ్ళొచ్చారు. తలనుంచి కాలిదాకా తెలుపు, మొహాలకి అద్దాలు. మధ్యాహ్నానికి మందలో ఒక్క బాతు లేదు, లంకలో ఒక్క కోడి లేదు. సున్నం చల్లిన గొయ్యి ఒక్కటి మిగిలింది. పైడియ్య ఆ రోజంతా ఒక్క వేళాకోళం ఆడలేదు. నాంచారమ్మకి అన్నిటికంటే భయమేసింది దానికే.

తెల్లబట్టల వాళ్ళలో ఒకడు ఉక్కపోస్తోందని మూతిగుడ్డ కాసేపు కిందికి లాక్కున్నాడు. ఆరోనాడు జ్వరమొచ్చింది. పట్నం తీసుకెళ్ళి గుడారంలో ఒంటరిగా ఉంచారు. తొమ్మిదోనాడు కబురొచ్చింది. వాడి భార్యకి మొహం కూడా చూపించలేదట.

మంద పోయాక నాంచారమ్మని డాక్టరమ్మ షెడ్డులో పనికి పెట్టుకుంది. గదులు ఊడవడం, గాజుసామాను కడగడం. ఒక్క గదిలోకి మాత్రం రానివ్వలేదు. దానికి గట్టి అద్దం, రెండు తలుపులు. లోపల పొదిగే యంత్రం. ఎర్రగుడ్డు దొరికిన నాటి ఉదయం దొడ్లో ఏరిన గుడ్లే అందులో పెట్టి, పురుగు ఏం చేస్తుందో చూస్తున్నారు.

ఇరవయ్యేడో రోజు మధ్యాహ్నం అద్దం తుడుస్తూ నాంచారమ్మ లోపలికి చూసింది. గుడ్లు కదులుతున్నాయి. బాతుగుడ్డుకి ఇరవయ్యెనిమిది రోజులు. పిల్ల లోపల మెడ తిప్పుతోంది. బతుకంతా కళ్ళారా చూసిన కదలికే. మొహం విప్పారింది.

"అమ్మయ్య. మన మంద విత్తనం బతికే ఉంది డాక్టరమ్మా!"

ఎస్తేరు రాణి ముఖంలో నవ్వు లేదు. రెండు రోజులుగా నిద్ర కూడా లేనట్టుంది.

"అదే నా భయం. ఇంత పురుగున్న గుడ్డులో పిల్ల చచ్చిపోవాలి, నాంచారమ్మగారూ. చావడం లేదు. పిల్లా పురుగూ కలిసి పెరుగుతున్నాయి. పెంకు పగలగానే మొత్తం గాల్లోకి వస్తుంది. ఈ గది దాటితే..."

"ఎర్రగుడ్లలో అంతేనేమో."

"ఎర్రవి ఆ పక్క వరస. మీరు చూస్తున్నవి తెల్లవి. మీ మామూలు బాతులవే."

నాంచారమ్మ చేతిలో గుడ్డ అద్దం మీదే ఉండిపోయింది.

"తెల్లయ్యి గదమ్మా అయ్యి!"

"తెల్లవైతే ఏం? ఎర్రగా పెట్టడం కడియం బాతులకి మేం నేర్పాం. మామూలు బాతు ఒంట్లో ఏమున్నా గుడ్డు తెల్లగానే పెడుతుంది. దానికి చెప్పడం రాదు."

"ఆ ముక్క నాకెప్పుడూ సెప్పలేదే నువ్వు!"

ఎస్తేరు రాణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చెప్పాల్సిన మాట అనుకోలేదు. మాకు తెలుసు కదా, అందరికీ తెలుసనుకున్నాం" అంది చిన్నగా.

నాంచారమ్మ కడుపునొప్పని చెప్పి బయటికొచ్చింది. మాణిక్యం ఒక్కర్తే కూతురు. పెళ్ళయిన పదకొండేళ్ళకి కడుపు పండింది. ఏడో నెల. కోడి బుట్ట ఉన్నది దాని మంచం కింద. షెడ్డు గోడకానుకుని ఫోన్ నొక్కింది.

"అమ్మా! నూరేళ్ళు నీకు. ఇప్పుడే తలుసుకుంటన్నా" అంది మాణిక్యం గలగలా. "గుడ్లన్నీ కిచకిచలాడతన్నాయే. ఒక్కోటీ సెవి కాడెట్టుకుని ఇంటన్నా. నా పొట్టలోవోడు కూడా ఇని ఒకటే తన్నడం."

"కిందెట్టు. ముందా గుడ్డు కిందెట్టవే! ఇంట్లోంచి బయటికొచ్చెయ్, తలుపేసి!"

"ఏటే, పావొచ్చినట్టు అరుత్తన్నావ్?"

"పావైతే బాగుండును. రా బయటికి!"

"వత్తాలే. ఒకటి పొద్దున్నే పగిలింది. పిల్ల సచ్చినట్టు పడుంటే ముక్కులోకి ఊది ఊది బతికించా. సెంగుతో తుడిసి ఒళ్ళో ఏసుకున్నా. ఇప్పుడు నా రొమ్ము మీదెక్కి పడుకుంది, దొంగముండ."

నాంచారమ్మ ఫోన్ చెవికి అదుముకుంది. ముక్కులోకి ఊదడం చిన్నప్పుడు నేర్పింది తనే. కొన ఊపిరితో పుట్టిన పిల్లని అలా బతికిస్తే, అరచేతిలో అది లేచి నిలబడితే, అయిదేళ్ళ మాణిక్యం గంతులేసింది.

"అమ్మా? ఉన్నావా? పక్కింటి సత్తెమ్మత్తా వాళ్ళూ పిల్లల్ని సూడ్డానికి వత్తామన్నారు. నువ్వు కూడా..."

"మాణిక్యం." గొంతు మారిపోయింది. "బయటికి రాకు."

"ఇప్పుడేగా రమ్మన్నావు!"

"రాకు. గడియ పెట్టుకో. ఎవరొచ్చినా తియ్యకు. సత్తెమ్మొచ్చినా, నీ మొగుడొచ్చినా."

"ఆయన సేపల లారీ మీద హౌరా ఎల్లాడుగా. అమ్మా, నాకు భయమేత్తంది. ఏటైందో సెప్పు."

"వత్తన్నా. వచ్చి సెబుతా."

ఫోన్ పెట్టేసి గట్టు వైపు నాలుగడుగులు పరుగెత్తింది. కూతురి లంక అక్కడికి కనబడుతూనే ఉంది. పాత రోజుల్లోనైతే దోనె మీద అరగంట. ఇప్పుడు మధ్యన ముప్ఫై చెరువులు, చుట్టూ తిరిగితే సాయంత్రమవుతుంది. డాక్టరమ్మ జీపుంటే గంట. కానీ డాక్టరమ్మకి చెబితే తెల్లబట్టలొస్తాయి. పట్నం, గుడారం, మొహం కూడా చూపించని కబురు.

నాంచారమ్మ వెనక్కి తిరిగింది. షెడ్డు తలుపు అందుకునేదాకా కూడా, వెళ్ళనా మాననా అనుకుంటూనే ఉంది. లోపలికెళ్ళి నిలబడి, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పన్నెండు గుడ్లు, ఊక బకెట్టు, కోడి, ముక్కులోకి ఊదడం, అన్నీ.

ఎస్తేరు రాణి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

జీపు గట్ల మీద ఎగిరెగిరి పడుతూ వెళ్ళింది. ప్రతి గేటు దగ్గరా కుక్కలు. ఎస్తేరు రాణి ఫోన్లో ఎవరెవరికో చెబుతోంది, మధ్యలో ఇటు తిరిగి అంది. "మీరు లోపలికి వెళ్ళకూడదు. అర్థమైందా? మా వాళ్ళు బట్టలతో వస్తారు, వాళ్ళు వెళ్తారు."

"అట్టాగే" అంది నాంచారమ్మ. ఆవిడ అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే డాక్టరమ్మకి అనుమానం రావాల్సింది.

ఇంటి ముందు సత్తెమ్మా ఇంకో ముగ్గురాడవాళ్ళూ తలుపు బాదుతున్నారు. "మా సేతి మీద పెడితే అరిగిపోతాయా నీ పిల్లలు? ఒక్కసారి సూపియ్యవే!" లోపల గడియ కదిలింది. తలుపు సందులోంచి మాణిక్యం ముఖం, దాని చెంపకి ఆనుకుని పసుపుపచ్చ బాతుపిల్ల.

నాంచారమ్మ జీపు ఆగకుండానే దూకింది. "దూరం జరగండే! దూరం!" అని అరిచిన అరుపుకి సత్తెమ్మ మెట్టు జారి వాకిట్లో పడింది. నాంచారమ్మ కూతుర్ని రెండు చేతులా లోపలికి తోసి, తనూ లోపలికెళ్ళి, గడియ పెట్టేసింది.

బయట డాక్టరమ్మ తలుపు మీద ఒక్కసారి చరిచి ఊరుకుంది.

ఆ తర్వాత జరగవలసినవన్నీ కిటికీ లోంచే జరిగాయి. నలుగురు ఆడవాళ్ళనీ ఎవరిళ్ళలో వాళ్ళని ఉంచారు. బ్లీచింగ్ మూటా, మూతిగుడ్డలూ, ఒక పాదరసం థర్మామీటరూ చువ్వల సందులోంచి ఇచ్చారు. తొమ్మిది పిల్లలు పెంకు దాటి ఉన్నాయి. వాటినీ, ఇంకా పగలని గుడ్లనీ, కోడినీ ఏం చెయ్యాలో ఎస్తేరు రాణి చెబుతుంటే నాంచారమ్మ చేసింది. మాణిక్యం గోడవైపు తిరిగి చెవులు మూసుకుంది. కోడి మాత్రం చివరిదాకా రెక్కలు విప్పి, ఎవరి పిల్లలో తెలియని ఆ పిల్లల మీద కప్పుతూనే ఉంది.

"పద్నాలుగు రోజులు" అంది ఎస్తేరు రాణి. "రోజూ పొద్దున్న ఇద్దరి జ్వరం చూసి చెప్పండి. జ్వరం వచ్చిన పూటే పట్నం చేరిస్తే మందు పనిచేసే వీలుంది. ఒక్క రోజు ఆలస్యమైనా నేను మాటివ్వలేను. జ్వరం వచ్చినవాళ్ళని మాత్రమే తీసుకెళ్తారు. రెండోవాళ్ళు ఇక్కడే ఉండాలి."

నాలుగు ఉదయాలు తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది. గంజి కాచుకుని తాగారు. మాణిక్యం పొట్ట మీద చెయ్యేసుకుని, ముత్తాత చెప్పిన తుమ్ము కథ లోపలివాడికి చెప్పేది. ఎవరైనా నిజంగా తుమ్మితే మాత్రం ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు. మిరపకాయ ఘాటో, దుమ్మో అని తేలేదాకా ఊపిరి తీసేవారు కారు.

అయిదో ఉదయం మాణిక్యం లేవలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. థర్మామీటరు తీసి నాంచారమ్మ వెలుగుకి పట్టింది. పాదరసం నూట రెండు దాటి నిలబడింది. ఆ గీత కిందికి దిగుతుందేమోనని ఆవిడ చాలాసేపు చూసింది.

"నాంచారమ్మగారూ!" కిటికీ బయట, పది అడుగుల దూరంలో ఎస్తేరు రాణి, చేతిలో పుస్తకం. "ఎంతుంది?"

గుడారం. ఒంటరిగా. తొమ్మిదోనాడు కబురు.

"తొంభై ఎనిమిది" అంది నాంచారమ్మ. "ఇద్దరికీ."

మంచం మీంచి మాణిక్యం మోచేతి మీద లేచింది. దగ్గుతో గొంతు బొంగురుపోయింది, అయినా కిటికీ దాటి వినబడేంత గట్టిగా అరిచింది. "అబద్ధం డాక్టరమ్మా! నాకు నూట రెండు! మా అమ్మకి లెక్కలు రావు, బాతుల్ని కూడా జతలుగానే లెక్కెడద్ది!"

"ఏమే! నోర్ముయ్యవే!"

"నువ్వే మూసుకో అమ్మా." మాణిక్యం మళ్ళీ దిండు మీదికి ఒరిగింది. "ఆ మందేదో నాక్కాకపోయినా లోపలోడికన్నా పనికొత్తదేమో. పంపెయ్."

బయట ఎస్తేరు రాణి ఫోన్ చెవికి పెట్టింది. పడవ రేవు నుంచి బండి రావడానికి ఇరవై నిమిషాలు. నాంచారమ్మ గది మధ్యలో నిలబడి చేతులు నలుపుకుంది. చంకలో థర్మామీటరు పెట్టుకుని చూసింది. తొంభై ఎనిమిది. నోట్లో పెట్టుకుంది. అంతే. జన్మలో ఎన్నడూ జ్వరం రావాలని ఇంతగా కోరుకోలేదు. నుదురు గోడకి రుద్దింది, గుండె దడదడలాడేలా గదిలో అటూ ఇటూ పరిగెత్తింది. పాదరసానికి జాలి లేదు. అప్పుడు పొయ్యి మీద గంజి కనబడింది.

"డాక్టరమ్మా! నాక్కూడా వచ్చింది! నాక్కూడా!" కిటికీ చువ్వల్లోంచి థర్మామీటరు ఎత్తి పట్టుకుంది. తిరునాళ్ళలో బొమ్మ గెలుచుకున్న పిల్లలా కేకేసింది. "ఇద్దర్నీ ఒకే బండెక్కించు తల్లీ!"

ఎస్తేరు రాణి మూతిగుడ్డ బిగించుకుని కిటికీ దాకా వచ్చి కళ్ళు చిట్లించి చూసింది. పాదరసం చివరి గీతదాకా పోయి ఇక పోవడానికి చోటు లేక ఆగింది. గాజుకి రెండు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"నూట పది జ్వరంతో మనిషి నిలబడి మాట్లాడదు, నాంచారమ్మగారూ" అంది.

"నేను మాట్లాడతా. మొదట్నుంచీ నాకు నోరెక్కువ. మా ఆయన్నడుగు."

ఎస్తేరు రాణి చాలాసేపు ఆ మెతుకుల వంకే చూసింది. తర్వాత పుస్తకం తెరిచి, తల దించుకుని రాసింది.

"ఏం రాశావమ్మా?"

"రెండోవారికి నూట ఒకటి" అంది ఎస్తేరు రాణి, తలెత్తకుండా.

తెల్లబట్టల వాళ్ళు నలుగురొచ్చారు. మొహాలకి అద్దాలు. నాంచారమ్మే గడియ తీసింది. బండిలో తలుపులు మూసేశాక, అద్దం మొహమొకటి ఎదురుగా కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. మాణిక్యం చెయ్యి పెనంలా కాలుతోంది, ఊపిరి ఈల వేస్తోంది. నాంచారమ్మ తన చల్లటి చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, ఎదుటివాడు చూస్తాడేమోనని రెండు చేతుల మీదా చెంగు కప్పేసింది.